రాజాం దక్షిణాకాశంలో పాలపుంత కేంద్రం: అదృశ్య కృష్ణబిలం – ఆధారాల పరిశీలన

ఉపోద్ఘాతం

విజయనగరం జిల్లాలోని రాజాం పట్టణం సుమారు 18.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. పాలపుంత కేంద్రం ఖగోళ మధ్యరేఖకు 29 డిగ్రీలు దక్షిణంగా ఉన్నందున, రాజాం నుండి చూసేవారికి అది దక్షిణ దిక్కున గరిష్ఠంగా 42 డిగ్రీలకు పైగా ఎత్తుకు వస్తుంది. లండన్‌లో అదే బిందువు 10 డిగ్రీలకు మించి లేవదు. మే నెల మధ్యలో రాత్రి 2 గంటల వేళ, వీధిదీపాలకు దూరంగా ఉన్న పొలాల నుండి చూస్తే, వృశ్చికం తోకకు కొంత పైన, ధనూరాశి అంచున పాలపుంత విశాలంగా కనిపిస్తుంది. కానీ కేంద్రం ఉన్న చోట కంటికి ప్రత్యేకంగా ఏదీ గోచరించదు. కనిపించని దానిని 'ఉన్నది' అనడానికి ఆధారమేమిటన్నదే ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

ధూళి తెర

కేంద్రం మనకు సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మధ్యనున్న ధూళి కారణంగా అక్కడి నుండి బయలుదేరిన దృశ్యకాంతి కణాలలో దాదాపు లక్ష కోట్లకు ఒక్కటి మాత్రమే భూమిని చేరుతుంది. దూరదర్శిని ఎంత పెద్దదైనా దృశ్యకాంతిలో ఈ తెర తొలగదు. తరంగదైర్ఘ్యం ఎక్కువైన పరారుణ కిరణాలు, రేడియో తరంగాలు మాత్రం దానిని దాటగలవు.

1974లో బాలిక్, బ్రౌన్ అనే శాస్త్రజ్ఞులు అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ నుండి ఈ కేంద్రంలో అతిచిన్న రేడియో మూలాన్ని గుర్తించారు. దానినే సాజిటేరియస్ ఎ-స్టార్ అంటారు. పుణె సమీపంలోని జి.ఎం.ఆర్.టి. రేడియో దూరదర్శినితో సుభాషీస్ రాయ్, ప్రమేశ్ రావు దానిని 580 మెగాహెర్ట్జ్ వద్ద కూడా గుర్తించి, 2004లో ఫలితాలను ప్రకటించారు. ఆ దూరదర్శిని సుమారు 19 డిగ్రీల అక్షాంశంపై ఉంది. అంటే రాజాంలో ఈ కేంద్రం ఎంత ఎత్తున కనిపిస్తుందో అక్కడా దాదాపు అంతే.

కక్ష్య చెప్పిన సాక్ష్యం

రేడియో మూలం ఉన్నంత మాత్రాన అది కృష్ణబిలమని రుజువు కాదు. అసలు రుజువు పరిసర నక్షత్రాల చలనంలో లభించింది. రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్‌ల బృందాలు దశాబ్దాల తరబడి పరారుణ కిరణాలలో ఆ నక్షత్రాలను అనుసరించాయి. వాటిలో ఎస్2 అనే నక్షత్రం సుమారు 16 ఏళ్లకు ఒక ప్రదక్షిణ పూర్తిచేస్తుంది. 2018 మే నెలలో అది కేంద్రానికి అతి చేరువగా, భూమికి సూర్యునికి మధ్యనున్న దూరానికి సుమారు 120 రెట్ల దూరంలో, సెకనుకు 7,000 కిలోమీటర్లకు మించిన వేగంతో సాగింది. ఈ కక్ష్యను బట్టి లోపలి ద్రవ్యరాశి సూర్యునికి సుమారు 43 లక్షల రెట్లని తేలింది. అంత చిన్న పరిధిలో అంత ద్రవ్యరాశి నక్షత్రాల గుంపుగా చిరకాలం నిలవజాలదు. ఈ కృషికి వీరిద్దరూ 2020 నోబెల్ బహుమతిని రోజర్ పెన్‌రోజ్‌తో పంచుకున్నారు.

2022 మే 12న విడుదలైన వలయాకార చిత్రం సాధారణార్థంలో ఛాయాచిత్రం కాదు. 2017 ఏప్రిల్‌లో ఎనిమిది రేడియో దూరదర్శినులు సేకరించిన సంకేతాల నుండి గణితంతో పునర్నిర్మించిన రూపమది. అందులో వెలిగేది చుట్టూ ఉన్న వేడి వాయువు. కృష్ణబిలం నడుమనున్న నీడగానే తెలుస్తుంది.

'మూల' నామం – ఒక హెచ్చరిక

ఈ కేంద్రం మూలా నక్షత్ర ప్రాంతానికి సమీపంలో ఉన్నందున, పూర్వులు దీనిని ఎరిగే ఆ పేరు పెట్టారనే వాదన వినిపిస్తుంటుంది. మూలకు గుర్తుగా సాధారణంగా చెప్పే తార వృశ్చికం తోక చివర ఉంటుంది. కేంద్రం దానికి 8 డిగ్రీలకు పైగా దూరంలో ఉంది. పైగా కేంద్రం ధనూరాశి దిశలో ఉందని షాప్లీ గోళాకార నక్షత్రగుచ్ఛాల విన్యాసాన్ని బట్టి నిర్ణయించినది 1918 ప్రాంతంలోనే. పేరులోని పోలిక ఆసక్తికరమే గాని అది ప్రమాణం కాదు. చంద్రగతిని అనుసరించి ఆకాశాన్ని విభజించిన ప్రాచీనుల పరిశీలన స్వతహాగానే గౌరవార్హం. దానికి లేని ఆవిష్కరణను అంటగట్టనవసరం లేదు.

ముగింపు

కృష్ణబిలాన్ని నేరుగా చూసినవారు లేరు. దాని ఉనికిని నిశ్చయించినది తరంగం, కక్ష్య, గణన అనే మూడింటి ఏకవాక్యత. దర్శనానికీ అనుమాన ప్రమాణానికీ గల ఈ భేదాన్ని రాజాం వంటి పట్టణాల కళాశాలలలో వివరించడానికి కావలసిన ఉదాహరణ, వేసవి రాత్రులలో ఆ ఊరి దక్షిణాకాశంలోనే ఉంది.