ఒకే తెర.. అటు ఆకాశం, ఇటు చార్టు!

శంషాబాద్ రన్‌వే ఇంకా రెండు నాటికల్ మైళ్ల దూరంలో ఉంది. వేగం 140 నాట్లు. కంప్యూటర్ తెర నిండా మబ్బులే. ‘ఇంతకీ ఎంత ఎత్తు దాకా దిగొచ్చు?’ అని అప్పుడు అనుమానం వస్తుంది. చార్టేమో వేరే విండోలో ఉంది. ఆల్ట్, ట్యాబ్ మీటలు నొక్కి అటు వెళ్లి, పీడీఎఫ్‌ని పెద్దది చేసి, పక్కకు జరిపి, కావాల్సిన అంకె పట్టుకుని తిరిగొచ్చేసరికి పది సెకన్లు. పదే కదా అనిపిస్తుంది.

ఆ పది సెకన్లలో విమానం 720 మీటర్లు ముందుకు పోయింది. నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగుతోంది కాబట్టి 115 అడుగులకు పైగా కిందికీ వచ్చేసింది. మామూలు ఐఎల్‌ఎస్ ల్యాండింగులో ‘రన్‌వే కనిపిస్తే దిగు, లేకపోతే పైకి లేపు’ అని పైలట్ తేల్చుకోవాల్సింది నేలకు 200 అడుగుల ఎత్తులో. ఆ 200 అడుగుల్లో సగానికి పైగా మనం చార్టు వెతకడంలోనే కరిగిపోయిందన్నమాట.

ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ మీద కూర్చునే ప్రతివాళ్లకీ ఎదురయ్యే చిక్కే ఇది. రెండో మానిటర్ కొనేయమని సలహా ఇవ్వడం తేలికే. కానీ మనవాళ్లలో చాలామందికి ఉన్నది ఒక్క ల్యాప్‌టాప్. దాని మీదే చదువు, దాని మీదే సినిమా, దాని మీదే విమానం. మరి ఒక్క తెర మీద ఆకాశాన్నీ, చార్టునీ ఎలా సర్దుకోవాలి?

పది సెంట్ల నోటుపుస్తకం

ఈ చార్టులకు ఓ చరిత్ర ఉంది. 1930 ప్రాంతంలో అమెరికాలో ఎల్రే జెప్పెసన్ అనే పైలట్ టపా విమానాలు నడిపేవాడు. అప్పట్లో పైలట్లకు సరైన చార్టుల్లేవు. రోడ్డు మ్యాపులు, రైలు పట్టాలు చూసుకుంటూ వెళ్లేవారు. వాతావరణం చెడితే దారి తప్పేవారు, తోటివాళ్లు ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. జెప్పెసన్ పది సెంట్లు పెట్టి ఓ చిన్న నల్ల నోటుపుస్తకం కొన్నాడు. ఏ మైదానం ఎంత పొడవు, చుట్టూ ఏ గుట్టలున్నాయి, వాటి ఎత్తెంత.. ఇవన్నీ రాసుకోవడం మొదలెట్టాడు. వాతావరణం ఎలా ఉందో ఫోన్ చేసి కనుక్కోవడానికి దగ్గర్లోని రైతుల నంబర్లు కూడా అందులో ఉండేవి. తోటి పైలట్లు ‘మాకూ ఓ కాపీ ఇవ్వు’ అని వెంటపడ్డారు. చివరికి ఒక్కోటి పది డాలర్లకు అమ్మాడు. 1934లో అదే కంపెనీ అయింది. ఇప్పటికీ ప్రపంచమంతా పైలట్లు ‘జెప్పెసన్ చార్టులు’ అనే పిలుస్తారు.

ఇంటి సిమ్యులేటర్ సంగతికొస్తే, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ తొలిసారి 1982లో వచ్చింది. ఆ రోజుల్లో ఇలాంటి ప్రోగ్రాములతో పాటు అచ్చేసిన మ్యాపులు ఇచ్చేవారు. తెర మీద విమానం, ఒళ్లో కాగితం. తెర చాలడం లేదన్న గొడవే లేదు. కాగితాలు పీడీఎఫ్‌లుగా మారి అదే తెర మీదకు వచ్చి కూర్చున్నాకే ఈ తంటా మొదలైంది.

అసలు విమానాల్లోనూ కాగితం పోయింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2013లో తన పైలట్ల చార్టుల సంచుల్ని తీసేసి ఐప్యాడ్లు ఇచ్చింది. ఒక్కో సంచి 16 కిలోల దాకా ఉండేది! అయితే గమనించాల్సింది ఒకటుంది. అక్కడ ట్యాబ్లెట్ పక్కన ఉంటుంది, విమానం అద్దానికి అడ్డం రాదు. పైగా ఇద్దరు పైలట్లు. ఒకరు నడుపుతుంటే రెండోవారు గమనిస్తుంటారు. ఇంట్లో నడిపేదీ మీరే, గమనించేదీ మీరే.

సగం చార్టు చూస్తే..

ల్యాండింగ్ చార్టును ఓసారి నిదానంగా చూడండి. అది ఒకే కాగితం మీద నాలుగు ముక్కలు. పైన ఫ్రీక్వెన్సీలు, దిశ లాంటి ముఖ్యమైన అంకెల వరస. దాని కింద పైనుంచి చూసినట్టుండే మ్యాపు.. ఏ దారిన రావాలి, చుట్టూ ఏ కొండలున్నాయి అన్నది అందులో తెలుస్తుంది. దాని కింద పక్కనుంచి చూసినట్టుండే బొమ్మ.. మెట్లు దిగినట్టు ఎక్కడ ఎంత ఎత్తులో ఉండాలో చెబుతుంది. అట్టడుగున ఎంతకన్నా కిందికి దిగకూడదో తెలిపే పట్టిక.

చిన్న తెర మీద పీడీఎఫ్‌ను పెద్దది చేశామంటే ఈ నాలుగింట్లో ఒకటే కనిపిస్తుంది. మిగతా మూడూ తెర బయటే. ఇది ఎంత ప్రమాదమో చెప్పడానికి ఓ పాత సంఘటన చాలు.

1974 డిసెంబర్ 1న టీడబ్ల్యూఏ సంస్థకు చెందిన 514 నంబరు విమానం వాషింగ్టన్ దగ్గరి డల్లస్ విమానాశ్రయానికి వస్తోంది. బోయింగ్ 727 అది. వాతావరణం బాగోలేదు. కంట్రోలర్ ల్యాండింగుకు అనుమతిచ్చాడు. పైలట్లు 1,800 అడుగులకు దిగడం మొదలెట్టారు. కానీ రౌండ్ హిల్ అనే పాయింటు దాటే దాకా 3,400 అడుగులకు తగ్గకూడదు. ఈ అంకె పైనుంచి చూసే మ్యాపులో ఉంది. పక్కనుంచి చూసే బొమ్మ మాత్రం రౌండ్ హిల్ దగ్గరే మొదలవుతుంది, అంతకుముందు ఎంత ఎత్తులో ఉండాలో అందులో లేదు. కాక్‌పిట్‌లో ఆ 3,400 అంకె గురించి మాట కూడా వచ్చింది. అయినా అనుమతి వచ్చేసింది కదా, దిగొచ్చన్న అర్థమే తీసుకున్నారు. విమానం మౌంట్ వెదర్ అనే కొండను ఢీకొంది. అందులో ఉన్న 92 మందీ చనిపోయారు.

తప్పంతా పైలట్లదేనని తేల్చేయడానికి లేదు. అనుమతి ఇచ్చిన తీరు మీద, ఆ మాటకు పైలట్లు, కంట్రోలర్లు చెరో అర్థం తీసుకోవడం మీద చాలా చర్చ జరిగింది. ఆ తర్వాతే అమెరికాలో పెద్ద విమానాలన్నింటికీ ‘నేల దగ్గరపడుతోంది’ అని హెచ్చరించే యంత్రాన్ని తప్పనిసరి చేశారు. కానీ మన సంగతికి పనికొచ్చే పాఠం ఒకటే. చార్టులో ఒక ముక్క చూసి మొత్తం చూశాం అనుకోకూడదు. ఒక్క తెరతో నడిపేవాళ్లు రోజూ చేసే పని సరిగ్గా అదే.

మన ఊళ్ల లెక్క

మన విమానాశ్రయాలతోనే చూద్దాం. శంషాబాద్ సముద్రమట్టానికి దాదాపు 2,000 అడుగుల ఎత్తున ఉంది. గన్నవరమైతే వంద అడుగులు కూడా లేదు. గన్నవరంలో దిగడం అలవాటైనవాళ్లు శంషాబాద్ వచ్చి, ఆల్టీమీటర్ 2,200 చూపిస్తోంది కదా, ఇంకా చాలా ఎత్తుంది అనుకుంటే అంతే సంగతులు. అప్పటికే వాళ్లు నేలకు రెండొందల అడుగుల్లో ఉంటారు. విశాఖ చుట్టూ కొండలు సరేసరి. ఈ తేడాలన్నీ చెప్పేది చార్టే.

ఈ చార్టుల కోసం డబ్బు పెట్టక్కర్లేదు కూడా. భారత విమానాశ్రయాల చార్టులను ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా తన వెబ్‌సైట్‌లో ఉచితంగానే పెడుతుంది. నావిగ్రాఫ్ లాంటి చందా సర్వీసులు ప్రపంచమంతటి చార్టుల్ని ఒకేచోట ఇస్తాయి. చార్టు మీద తేదీ చూసుకోవడం మాత్రం మర్చిపోవద్దు. ప్రపంచవ్యాప్తంగా విమాన మార్గాల సమాచారాన్ని 28 రోజులకో విడతగా మారుస్తారు. సిమ్యులేటర్‌లోని సమాచారం ఒక ఏడాదిది, మీ చార్టు ఇంకో ఏడాదిదీ అయితే చార్టులో ఉన్న పాయింటు పేరు విమానం కంప్యూటర్‌కు దొరకదు. ఆ పేరు వెతుకుతూ కూర్చుంటే విమానం ఆగదు కదా.

ఒక్క తెరతో ఐదు దారులు

కాగితం: అన్నిటికన్నా పాతది, ఇప్పటికీ బాగా పనిచేసేది. చార్టును ప్రింటు తీయించి, పరీక్షలకు తీసుకెళ్లే అట్టకు క్లిప్పు పెట్టి తొడ మీద పెట్టుకోండి. చిన్న విమానాల పైలట్లు ఇలాంటి అట్టనే పట్టీతో తొడకు కట్టుకుంటారు. పెన్సిల్‌తో గీతలు గీసుకోవచ్చు, కరెంటు అక్కర్లేదు, తెరలో ఒక్క అంగుళమూ ఆక్రమించదు.

ఫోన్: పీడీఎఫ్ ఫోన్‌లో తెరిచి కీబోర్డు పక్కన నిలబెట్టొచ్చు. లిటిల్ నావ్‌మ్యాప్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. దాన్ని కంప్యూటర్‌లో నడిపితే, ఇంటి వైఫై మీద ఫోన్ బ్రౌజర్‌లోనే మ్యాపు, దాని మీద మీ విమానం కనిపిస్తాయి. కాకపోతే ఆ విమానం బొమ్మనే చూస్తూ నడపడం అలవాటైతే చార్టు చదవడం ఎప్పటికీ రాదు. ఎక్కడున్నామో ముందు మీరే అంచనా వేసుకుని, అది సరిపోయిందో లేదో చూడటానికి మాత్రమే వాడండి.

తెరను పంచడం: సిమ్యులేటర్‌ను ఫుల్ స్క్రీన్‌లో కాకుండా విండోలో నడపండి. ఎడమవైపు మూడింట రెండొంతులు ఆకాశానికి, కుడివైపు ఒక వంతు చార్టుకు. చార్టు నిలువుగా ఉంటుంది కాబట్టి ఇది బాగా కుదురుతుంది. 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెరలో చార్టుకు 640 ఇస్తే, ఏ4 కాగితం మొత్తం, నాలుగు ముక్కలూ ఒకేసారి కనిపిస్తాయి. అక్షరాలు చిన్నవైనా సగం చార్టు చూసే ముప్పు తప్పుతుంది. పాత ల్యాప్‌టాప్ అయితే విమానం బొమ్మ చిన్నదవడం వల్ల దాని మీద భారమూ తగ్గుతుంది.

కాక్‌పిట్‌లోని ట్యాబ్లెట్: మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024లో విమానంలోనే ట్యాబ్లెట్ ఉంటుంది. ఎక్స్‌ప్లేన్‌లో అవీట్యాబ్ అనే ఉచిత ప్లగిన్ పెట్టుకుంటే కాక్‌పిట్‌లోనే పీడీఎఫ్ తెరవొచ్చు. అసలు విమానంలో తల తిప్పి చూసినట్టే ఇక్కడా చూపు తిప్పి చూడాలి. అందుకే ఇది నిజానికి బాగా దగ్గర.

పాజ్: విమానాన్ని గాల్లోనే ఆపేసి చార్టు చదవడం. ఇందులో చిన్నతనమేమీ లేదు. శిక్షణ సంస్థల సిమ్యులేటర్లలోనూ దృశ్యాన్ని ఆపేసి పాఠం చెప్పే వీలుంటుంది. కాకపోతే అక్కడ ఆపేది బోధకుడు. ఇక్కడ మీకు మీరే ఆపుకుంటారు కాబట్టి ఓ లెక్క పెట్టుకోండి. ఈ ప్రయాణంలో ఎన్నిసార్లు పాజ్ కొట్టాను? వచ్చేవారానికి అది సగం అవ్వాలి.

అసలు కిటుకు తెరలో లేదు

ఇన్ని దారులున్నా అసలు పైలట్లు చేసేది వేరు. విమానం ఇంకా పై ఎత్తులో నిలకడగా ఉన్నప్పుడే, దిగడం మొదలవ్వకముందే, చార్టు తీసి పైనుంచి కింది దాకా చదువుతారు. పైకి, ఒకరికొకరు వినపడేలా. దీన్నే బ్రీఫింగ్ అంటారు. ఏ ఫ్రీక్వెన్సీ, ఏ దిశ, ఎక్కడ ఎంత ఎత్తు, ఎంతకన్నా దిగకూడదు, రన్‌వే కనిపించకపోతే ఎటు తిరిగి ఎంత ఎత్తుకు పోవాలి.. అన్నీ అప్పుడే తేలిపోతాయి. ఆ తర్వాత చార్టు వైపు చూసేది సరిచూసుకోవడానికే.

మూడు మానిటర్లు పెట్టుకున్నవాళ్లకైనా కళ్లు ఒక జతే కదా. దిగేటప్పుడు చార్టు మొదటిసారి చదవడం మొదలెడితే, అది పక్క మానిటర్‌లో ఉన్నా ఒకటే, వెనక విండోలో ఉన్నా ఒకటే. ఒక్క తెర ఉన్నవాళ్లకు ఇందులో ఓ లాభం ఉంది. వెతుక్కునే తీరిక లేదు కాబట్టి ముందే చదవక తప్పదు.

ఇది కాలక్షేపం వరకే అయితే ఫర్వాలేదు. పైలట్ కావాలని సిమ్యులేటర్ ముందు కూర్చునే పిల్లలూ మన దగ్గర ఉన్నారు. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు విమానం నడపాలి. ఇంటి సిమ్యులేటర్ మీద గడిపిన సమయం అందులోకి రాదు. అక్కడ ఒక్కో గంటకు అయ్యే ఖర్చు వేలల్లో ఉంటుంది. అమ్మానాన్నలు అప్పు చేసి కట్టే డబ్బు అది. ఇంట్లో గంటలు లెక్కకు రాకపోయినా అలవాట్లు మాత్రం వెంట వస్తాయి. చార్టు ముందే చదివి వచ్చే అలవాటుంటే ఆ గంట నడపడానికి పనికొస్తుంది. అనుమానం రాగానే పాజ్ మీట కోసం వేలు వెతుక్కునే అలవాటుంటే ఆ గంటలో సగం తడబాటుకే పోతుంది.

ఈ ఆదివారం ఓ పని చేసి చూడండి. గన్నవరం చార్టు ఒకటి దించుకోండి. ఫ్రీక్వెన్సీ, దిశ, దిగడం మొదలెట్టే ఎత్తు, ఆగాల్సిన ఎత్తు, రన్‌వే ఎత్తు, రన్‌వే కనిపించకపోతే చేయాల్సిన మొదటి పని.. ఈ ఆరూ ఓ చీటీ మీద రాసుకోండి. పైకి ఓసారి చదవండి. వేగాన్ని ఐదుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది, అదీ పక్కన వేసుకోండి. 120 నాట్లయితే 600 అడుగులు. తర్వాత చార్టు విండో మూసేసి, సిమ్యులేటర్‌ను తెర నిండా తెరిచి, ఆ చీటీతోనే విమానం దించండి. మొదటిసారి రన్‌వే పక్కన పొలాల్లో దిగినా ఏం కాదు. చీటీలో ఏ అంకె తక్కువైందో చూసి, రాసుకుని, మళ్లీ పైకి లేవండి.