పిహెచ్.డి. తరువాత ఏమిటి? పోస్ట్‌డాక్ ఉద్యోగాలపై కొన్ని సూచనలు



మన ట్రస్టు ఉపకారవేతనంతో చదువుకున్న ఒక అమ్మాయి మొన్న మారతహళ్ళిలోని మా ఇంటికి తండ్రితో వచ్చింది. మైక్రోస్కోపుతో తీసిన జీవకణాల చిత్రాలను కంప్యూటర్‌తో విశ్లేషించడం ఆమె పరిశోధన. త్వరలో థీసిస్ ఇస్తుంది. "అంకుల్, ముప్పై చోట్లకు ఒకే ఉత్తరం పంపాను. ఒక్క జవాబూ రాలేదు" అంది. "ఇంత చదివాక కూడా ఈ వెతుకులాట ఏమిటండీ?" అన్నారు తండ్రి. నేను బ్యాంకు గుమాస్తాగా రిటైరైన వాడిని, శాస్త్రవేత్తను కాను. తెలిసినవారిని అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

పోస్ట్‌డాక్ అంటే పిహెచ్.డి. అయ్యాక ఒక శాస్త్రవేత్త దగ్గర సాధారణంగా రెండు మూడేళ్ళ గడువుతో, జీతం తీసుకుంటూ చేసే పరిశోధన. ఇది పర్మనెంటు ఉద్యోగం కాదు. కానీ పరిశోధన సంస్థల్లో అధ్యాపక ఉద్యోగాలకు చాలావరకు ఇదే మెట్టు.

ఎక్కడ వెతకాలి? బెంగళూరులోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, ఎన్.సి.బి.ఎస్., కోరమంగళలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ ఉన్నాయి. హైదరాబాదులో సి.సి.ఎం.బి. ఉంది. మీ శాఖ దగ్గరే ఆగిపోకండి. 2023 సెప్టెంబరు 2న ప్రయోగించిన ఆదిత్య-ఎల్1లో సూర్యుని కరోనాను చిత్రించే పరికరాన్ని తయారుచేసింది ఆ కోరమంగళ సంస్థే. జీవకణం చిత్రమైనా, సూర్యుని చిత్రమైనా అనవసరపు మచ్చలు తీసేయడం, కొలవడం, లెక్క కట్టడం అనే పని ఒకే తీరుది.

ఎలా అడగాలి? ప్రకటన కోసం కాచుకుని కూర్చోకుండా, థీసిస్ ఇవ్వడానికి ఎనిమిది పది నెలల ముందే మొదలుపెట్టండి. అయిదారుగురు శాస్త్రవేత్తలను ఎంచుకుని, వారి ఇటీవలి పరిశోధన పత్రాలు చదివి, ఒక్కొక్కరికీ విడిగా ఒక పేజీ ఉత్తరం రాయండి. వారి పనిలో మీరు ఏ భాగం చేయగలరో స్పష్టంగా చెప్పండి. పైథాన్‌లోనో, ఉచితంగా దొరికే ఇమేజ్‌జెలోనో మీరు చేసిన విశ్లేషణ నమూనా జతచేయండి.

కేంద్ర ప్రభుత్వపు ఎ.ఎన్.ఆర్.ఎఫ్. ఇచ్చే నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ రెండేళ్ళది. దానికీ మార్గదర్శి అంగీకారం ముందే కావాలి. వయోపరిమితి 35 ఏళ్ళు. స్త్రీలకు, రిజర్వేషన్ వర్గాల వారికి సడలింపు ఉంది. దరఖాస్తుకు ముందు ఆ ఏటి ప్రకటన చూసుకోండి.

తల్లిదండ్రులకు రెండు మాటలు. థీసిస్ ఇవ్వగానే చాలామందికి ఫెలోషిప్ ఆగిపోతుంది, కొత్త జీతం మొదలయ్యేసరికి నెలలు పట్టవచ్చు. ఆరు నెలల ఖర్చు ముందే పొదుపు చేసి ఉంచండి. పోస్ట్‌డాక్ ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారులను దగ్గరకు రానివ్వకండి.

ఆ అమ్మాయి ఈసారి అయిదుగురికే రాసింది. ఇద్దరు జవాబిచ్చారు. ఒకరు తన పని గురించి వచ్చి ప్రసంగించమన్నారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు కానీ తలుపు తెరుచుకుంది. మన పిల్లలందరికీ అలాగే తెరుచుకోవాలని ఆశీర్వదిస్తున్నాను.