ప్రదర్శనశాల వెబ్‌సైటునకు రచనావ్యాకరణము

హైదరాబాదు పాతబస్తీలో, మూసీనది దక్షిణతటమున, దారుల్‌షిఫాయందు సాలార్‌జంగ్ మ్యూజియము కలదు. మూఁడవ సాలార్‌జంగగు మీర్ యూసుఫ్ అలీఖాను 1949లో దివంగతుఁడు కాఁగా, ఆయన కూర్చిన వస్తుసంచయము 1951 డిసెంబరు 16వ తేదిని దివాన్‌దేవిడీలోఁ బ్రజలదర్శనమునకుఁ దెఱవఁబడెను. 1961లో పార్లమెంటు శాసనముచే నిది జాతీయప్రాముఖ్యముగల సంస్థ యయ్యెను. 1968లో నేఁటి భవనమునకు మాఱెను. ఇట్టి సంస్థ తన వస్తువులను దూరస్థులకుఁ జూపుటకు నేఁడు వెబ్‌సైటు ముఖ్యసాధనము. దాని పుటలను ఒక్కొక్కటిగాఁ జిత్రించుట మేలా, పుటలన్నిఁటిని బుట్టించు నియమములఁ గూర్చుట మేలా యనునది యిచట విచార్యము.

పతంజలి మహాభాష్యారంభమున నొక కథఁ జెప్పెను. బృహస్పతి యింద్రునకుఁ బ్రతిపదపాఠముగా శబ్దముల నుపదేశింపఁబూని వేయి దివ్యసంవత్సరములు చెప్పియు నంతముఁ గానఁడయ్యెను. కావున సామాన్యవిశేషలక్షణములే శబ్దజ్ఞానమునకు మార్గమని భాష్యకారుని నిర్ణయము. వెబ్‌సైటునకును నిది వర్తించును. మ్యూజియమున వస్తువులు వేలకొలఁది. చూచు తెఱలు చేతిఫోను మొదలుకొని గోడకు వ్రేలు ఫలకము వఱకుఁ బలువిధములు. ప్రతిపుటను విడిగాఁ జిత్రించువాఁడు బృహస్పతివలె శ్రమించును గాని కడతేఱఁడు.

వ్యాకరణమందువలె నిచటను మొదటిది సంజ్ఞ. ఆ, ఐ, ఔ లకుఁ బాణిని వృద్ధియని యొకమాఱు పేరిడి పిమ్మట నా పేరితోనే వ్యవహరించెను. అట్లే రంగులకు, అక్షరప్రమాణములకు, ఎడములకుఁ బ్రయోజనమునుబట్టి పేర్లిడవలెను. "ఎఱుపు" అనక "హెచ్చరిక రంగు" అన్నచో, రేపు రంగు మాఱినను నియమములు చెడవు. రెండవది యనువృత్తి. హోకన్ వియుమ్ లీ 1994లోఁ బ్రతిపాదింపఁగా 1996లోఁ దొలిప్రమాణము వెలువడిన సి.ఎస్.ఎస్. అను రూపవిధానభాషలో, పుటకు విధించిన యక్షరరూపము లోపలి భాగములకుఁ దానుగా ననువర్తించును. సమబలములైన రెండు విధులు విరోధించినచోఁ బరవిధి గెలుచును. విశేషవిధి ముందున్నను సామాన్యమును బాధించును. అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ చతుర్థపాదమునందలి విప్రతిషేధసూత్రము నెఱిఁగినవారి కిది క్రొత్త గాదు. ఒకదానినుండి యొకటి గ్రహింపఁబడెనని భ్రమింపరాదు. విధులు పెక్కైనచోట నిట్టి వ్యవస్థ యవసరమగును.

మూఁడవది యుత్సర్గాపవాదవిభాగము. ఒక చిత్రము, వస్తువు పేరు, శిల్పి, కాలము, ద్రవ్యము, సంఖ్య: ఇది సామాన్యపుట. ఇటలీ శిల్పి బెంజోని చెక్కినదియు, మొదటి సాలార్‌జంగు 1876లో రోమునఁ గొన్నదియు నగు మేలిముసుఁగు రెబెకా విగ్రహమునకు సాధారణముగా నిది చాలును. ఒకే దారువున నొకవంక మెఫిస్టోఫిలీసును, వేఱొకవంక మార్గరెట్టాయు నున్న ప్రతిమకు రెండు చిత్రములు కావలెను. బొమ్మ వచ్చి గంట కొట్టు గడియారమునకుఁ జలనమును ధ్వనియుఁ గావలెను. పారసీక వ్రాఁతప్రతి పత్రములు కుడిప్రక్కనుండి మొదలుకావలెను. ఇన్నిఁటి కిన్ని పుటాకృతులు కల్పించినచో వ్యవస్థ చెడును. అన్నిఁటిని ఒక్క యాకృతిలోఁ గ్రుక్కినచో వస్తువునకు న్యాయము జరుగదు. సామాన్యాకృతి నిలిపి, చిత్రస్థానమునకు మాత్రమే యపవాదము విధించుట యుక్తము.

అన్నిఁటికంటె విచార్యము లిపి. పాతబస్తీలో ఉర్దూ చదువువారును దెలుఁగు చదువువారును గలరు. తెలంగాణ రాష్ట్రమున 2017లో ఉర్దూ ద్వితీయాధికారభాష యయ్యెను. ఇంగ్లీషునకుఁ గొలిచిన పంక్తుల యెడము తెలుఁగునకుఁ జాలదు. "రాష్ట్రము" వంటి మాటల వత్తులు క్రింది పంక్తి గుడులతో నొరయును, కొన్నిచోట్లఁ దెగిపోవును. ఉర్దూ నస్తాలీఖు వ్రాఁత కుడినుండి యెడమకు వాలుగా దిగును. దాని కింకను నెత్తు కావలెను. అక్షరముల నడుమ నెడమిడుట ఇంగ్లీషు శీర్షికల కలంకారము. ఉర్దూలో నది కలసిన యక్షరములను విడఁగొట్టును. "కుడి", "ఎడమ" యని విధింపక "ఆది", "అంతము" అని విధించినచో నొక్క నియమమే రెండు దిశలకుఁ జెల్లును. సి.ఎస్.ఎస్.లో నిందులకు వీలు కలదు.

ఇంగ్లీషు నుత్సర్గముగాఁ గొని తక్కిన రెండింటిని దుదఁ జేర్చుట సులభమని పూర్వపక్షము. ఇది గ్రాహ్యము కాదు. తుదకు విడిచినది కాలము చాలనప్పుడు మొదట మానఁబడును; అప్పుడు మ్యూజియము పొరుగుననే నివసించు బాలుఁడు తన యూరి వస్తువునుగూర్చి తన భాషలోఁ జదువఁజాలఁడు. మిక్కిలి విస్తారము గోరు లిపినే ప్రమాణముగాఁ గొన్నచోఁ దక్కినవి యందే యిముడును. అక్షరములను బొమ్మలుగాఁ గాక యూనికోడు వర్ణములుగా నుంచవలెను. అప్పుడే యవి వెదకినవారికి దొరకును, అంధులకుఁ జదివి వినిపించు సాధనమునకుఁ దెలియును.

కడపటిది ప్రకృతిప్రత్యయవివేకము. సి-డాక్ రూపొందించిన జతన్ సాధనముతో సాలార్‌జంగ్ మ్యూజియపు వస్తువివరములు జాతీయ మ్యూజియముల పోర్టలునందుఁ జేర్పఁబడినవి. అట్టి వివరములు ప్రకృతి, పుటారూపము ప్రత్యయము. రూపము మాఱవచ్చును గాని వస్తుసంఖ్యయుఁ బుట చిరునామాయు మాఱరాదు. పండితులు తమ వ్యాసములలో వానినే యుదాహరింతురు. ప్రతినియమమునకుఁ బ్రయోజనము ప్రక్కనే వ్రాయవలెను. వివరణము లేని సూత్రము కర్త వెడలిన పిదపఁ దుర్బోధమగును. క్రొత్తగాఁ జేరిన యుద్యోగి క్రొత్త వస్తువునకు మూఁడు లిపులలోఁ బుటను దానే కూర్పఁగలిగినచో, ఆ వ్యాకరణము సిద్ధించినట్లు.