అసాధారణ బిందువుల వద్ద అవకల రూపాలు

బహుపదీ సమీకరణాల సాధనలతో ఏర్పడే వక్రాలు, తలాలు మొదలైనవాటిని బీజీయ వెరైటీలు అంటారు. డిఎక్స్, డివై వంటి రాశులను ప్రమేయాలతో గుణించి కూడగా వచ్చేవి వాటిపై అవకల రూపాలు. వెరైటీ నునుపుగా ఉన్నంతవరకు వీటిని ఏ విధంగా నిర్వచించినా ఫలితం ఒక్కటే. మొన వంటి అసాధారణ బిందువు ఉన్నప్పుడు ఆ నిర్వచనాలు విడిపోతాయి.

కేలర్ నిర్వచనం

జర్మన్ గణిత శాస్త్రవేత్త ఎరిక్ కేలర్ (1906–2000) పేరుతో ప్రసిద్ధమైన నిర్వచనంలో అవధుల ప్రసక్తి లేదు. ప్రతి ప్రమేయం ఎఫ్‌కు డిఎఫ్ అనే గుర్తును జతచేసి, సంకలన నియమాన్ని, లబ్ధానికి లైబ్నిట్జ్ సూత్రాన్ని విధిస్తారు. స్థిరాంకాల అవకలం సున్న.

మొన ఉన్న వక్రం

వై² = ఎక్స్³ అనే వక్రానికి మూలబిందువు వద్ద మొన ఉంది. (కలనగణితం పుట్టకముందే, 1657లో విలియం నీల్ దీని చాపం పొడవు కనుగొన్నాడు.) సమీకరణాన్ని అవకలిస్తే

2 వై డివై = 3 ఎక్స్² డిఎక్స్

అని వస్తుంది. ఇతర బిందువుల వద్ద ఈ సంబంధం వలన డిఎక్స్, డివైలలో ఒకటి తెలిస్తే రెండవది తెలుస్తుంది. మూలబిందువు వద్ద రెండు గుణకాలూ సున్న కావడంతో సంబంధం ఏమీ చెప్పదు. రెండు రాశులూ స్వతంత్రంగా మిగిలిపోతాయి.

ఇప్పుడు ఓమెగా = 2 ఎక్స్ డివై − 3 వై డిఎక్స్ అనుకుందాం. ఎక్స్ = టి², వై = టి³ అని ప్రతిక్షేపిస్తే రెండు పదాలూ 6 టి⁴ డిటి అవుతాయి, భేదం సున్న. అయినా కేలర్ నిర్వచనం ప్రకారం ఓమెగా సున్న కాదు: ఉన్న ఒకే సంబంధంలో డివై గుణకం వై యొక్క గుణిజం, 2 ఎక్స్ అటువంటిది కాదు. కాని వైతో గుణిస్తే ఓమెగా సున్న అవుతుంది. ఇటువంటి రూపాలను టోర్షన్ రూపాలు అంటారు. ఈ వక్రంపై అవి ఓమెగా, ఎక్స్‌తో దాని లబ్ధం, వాటి రేఖీయ సంయోగాలు మాత్రమే.

ప్రత్యామ్నాయాలు

టోర్షన్‌ను తీసివేయడం సులువే, కాని దానితో సమస్య తీరదు. పరామితి టి మీద డిటి నిర్దోషమైన రూపం. అయినా వక్రంపై ఉన్న ఏ కేలర్ రూపం నుండీ అది రాదు. నునుపు భాగం మీది రూపాలన్నిటినీ స్వీకరిస్తే, మూలబిందువు వద్ద అనంతమయ్యే డిటి/టి కూడా చేరిపోతుంది. తక్కువ తీవ్రత గల కొన్ని అసాధారణతల విషయంలో ఈ రెండవ దారి సురక్షితమేనని గ్రెబ్, కెబెకుస్, కోవాచ్, పెటర్నెల్ 2011లో నిరూపించారు.

బెర్గర్ ఊహ

సంకీర్ణ సంఖ్యలపై ఒక వక్రానికి టోర్షన్ రూపాలు లేకపోతే అది నునుపైనదే అయి తీరాలని 1963లో రాబర్ట్ బెర్గర్ ప్రతిపాదించాడు. తలాలకు ఇది చెల్లదు: ఎక్స్ వై = జెడ్² అనే శంకువుకు శీర్షం అసాధారణమైనా, డిఎక్స్, డివై, డిజెడ్‌లతో ఏర్పడే మొదటి తరగతి రూపాలలో టోర్షన్ లేదు. సమతల వక్రాలకు, మరికొన్ని తరగతులకు నిరూపణ లభించింది. అన్ని వక్రాలకూ వర్తించే నిరూపణ ఇంకా రాలేదు.