బస్సు ఉంది, కానీ ఏటికి అవతల

ఒక ఊరికి రవాణా సౌకర్యం "ఉంది" అని ప్రభుత్వం ఎలా లెక్కేస్తుంది? సెన్సస్ వెబ్‌సైట్‌లో 2011 విలేజ్ డైరెక్టరీ ఎక్సెల్ ఫైల్ దొరుకుతుంది. ఒక్కో ఊరికి ఒక్కో వరుస. జనాభా ఎంత, బస్సు వస్తుందా, రోడ్డు ఉందా అని కాలమ్స్ ఉంటాయి. బస్సు లేకపోతే అది ఎంత దూరంలో దొరుకుతుందో ఒక అక్షరం వేస్తారు. 5 కిలోమీటర్ల లోపైతే ఎ, 5 నుంచి 10 అయితే బి, 10 దాటితే సి.

హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లకి ఈ లెక్క సరిపోతుందేమో. కోనసీమకి మాత్రం సరిపోదు. గౌతమి, వశిష్ట, మధ్యలో వైనతేయ, ఇంకోవైపు సముద్రం. ఇక్కడ దూరం కన్నా పాయ ముఖ్యం. బస్సు రెండు కిలోమీటర్ల దూరంలోనే ఉండొచ్చు, కానీ మధ్యలో ఏరుంటే ఆ 'ఎ' అక్షరానికి అర్థం ఏముంది?

పి.గన్నవరం మండలంలో బూరుగులంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట, జి.పెదపూడిలంక అనే లంక ఊళ్లున్నాయి. వేసవిలో పాయకి అడ్డంగా వేసిన మట్టి రోడ్డు మీద బైకులు, ఆటోలు వెళ్తాయి. గోదావరికి ఎర్రనీరు రాగానే ఆ రోడ్డు కొట్టుకుపోతుంది. ఇక బడికైనా, ఆసుపత్రికైనా, కొబ్బరికాయలు ఒడ్డుకి చేర్చాలన్నా పడవే దిక్కు. అక్కడ శాశ్వత వంతెన పనులు చేపట్టింది ఇందుకే.

మన డేటా స్ట్రక్చర్స్ సిలబస్‌లో గ్రాఫ్స్ చదువుకున్నాం కదా. ఒక ఎడ్జ్ తీసేస్తే గ్రాఫ్ రెండు ముక్కలైపోతే ఆ ఎడ్జ్‌ని బ్రిడ్జ్ అంటాం. లంకల్లో ఆ మట్టి రోడ్డు సరిగ్గా అదే. జనవరిలో కనెక్టెడ్, ఆగస్టులో డిస్‌కనెక్టెడ్. ఎక్సెల్‌లో మాత్రం ఒకటే సెల్, ఏ నెలో చెప్పదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. సెన్సస్ యూనిట్ రెవెన్యూ గ్రామం. గ్రామంలో సగం ఇవతలి గట్టున, సగం లంకలో ఉంటే, ఇవతలికి బస్సొచ్చినా ఊరంతటికీ "ఉంది" అని పడిపోతుంది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఈ విషయంలో నయం. అది గ్రామాన్ని కాకుండా జనావాసాన్ని లెక్కలోకి తీసుకుంది. మైదాన ప్రాంతంలో 2001 లెక్కల ప్రకారం 500 జనాభా ఉంటే రోడ్డుకి అర్హత ఉండేది. మరి 400 మందే ఉన్న లంక సంగతేంటి? పైగా ఆ పథకంలో ఆల్ వెదర్ రోడ్డు అన్నా కూడా కొంత పరిమితిలో రాకపోకలు ఆగడాన్ని ఒప్పుకుంటారు. వరద రోజుల్లో ఆ పరిమితి ఎటుపోతుందో లంకవాళ్లనే అడగాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మొదటి హెచ్చరిక ఇచ్చేది 10 లక్షలకే!

ఇదంతా కాగితాల గొడవ అనుకోవద్దు. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర నాటు పడవ, కడుతూ ఉన్న వంతెన స్తంభానికే గుద్దుకుని బోల్తా పడింది. బడి నుంచి ఇళ్లకి వెళ్తున్న ఆడపిల్లలు గల్లంతయ్యారు. వంతెన పూర్తయి ఉంటే వాళ్లు ఆ పడవ ఎక్కే పనే లేదు.

2021లో జరగాల్సిన జనాభా లెక్కలు వాయిదా పడి 2027కి వచ్చాయి. రోడ్డు, బస్సు వివరాలు మన ఇంటికొచ్చి అడిగేవి కావు, ఊరి స్థాయి రికార్డుల నుంచి వెళ్తాయి. కాబట్టి లంకల నుంచి వచ్చిన ఫ్రెండ్స్ ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు పంచాయతీలో ఒక మాట అడగండి: మన ఊరికి రోడ్డు ఉందని రాశారా? రాస్తే, ఏడాదికి ఎన్ని నెలలు?