ఇంటిలో నొక విమానము

మన తెలుగిండ్లలో బొమ్మ యనునది పిల్లల యాటవస్తువు మాత్రమే కాదు. దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు తీర్చునపుడు ఇల్లాలు ఆ మెట్ల వరుసపై నిలుపునది తన యింటి యభిరుచిని, తనవారి చేతి నేర్పును. కొండపల్లి యేనుగు ప్రక్కన రైలుబండి, రైలుబండి ప్రక్కన మోటారుకారు వచ్చి చేరి చాలకాలమైనది. ఆ వరుసలో నిలుపదగిన మరియొక వస్తువును గూర్చి, అనగా ప్లాస్టిక్కు ముక్కలను అతికి, రంగులు దిద్ది, ఇంటనే తయారుచేయు జెట్టు యుద్ధవిమానపు నమూనాను గూర్చి, ఈ నెల మా సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

"యుద్ధవిమానముతో మాకేమి పని? అది మగపిల్లల వేడుక" అని కొందరనవచ్చును. ఇట్టి పెట్టెలను కొను తలిదండ్రులును తరచుగా కుమారునికే కొందురు. కుమార్తెకు లక్కపిడతలో కుట్టుపని పెట్టెయో కొని తృప్తి చెందుదురు. ఈ విభాగము సరికాదని మా యభిప్రాయము. కనబడీ కనబడని కుట్టు వేయగల చేయి, వరుస తప్పకుండ నూరు చుక్కల ముగ్గు పెట్టగల చేయి, ఈ పనికి మిక్కిలి తగిన చేయి. అంతకన్న ముఖ్యమైన కారణము వేరొకటి కలదు. దానిని సందర్భము వచ్చినపుడు మనవి చేసెదము.

ఇది యెట్టి వస్తువు?

1936వ సంవత్సరమున ఇంగ్లండులో ఫ్రాగ్ సంస్థవారు "పెంగ్విన్" అను పేరుతో 72వ వంతు ప్రమాణమున ప్లాస్టిక్కు విమానముల పెట్టెలను అమ్మజొచ్చిరి. 72వ వంతనగా నిజవిమానమున 72 అంగుళములున్నది నమూనాలో ఒక అంగుళ మగునని యర్థము. తరువాత 48వ వంతు, 32వ వంతు ప్రమాణములును వాడుకలోనికి వచ్చినవి. అంకె తగ్గినకొలది బొమ్మ పెద్దదగును. అయితే బొమ్మ పెద్దదైనకొలది పని సులభమగునని తలపరాదు. చిన్న బొమ్మలో ఒక చుక్కతో సరిపోవు మీటకు పెద్ద బొమ్మలో పిడియు, కాడయు, దానిక్రింది తీగయు కావలసి వచ్చును.

పెట్టె తెరచినచో పోలిస్టైరీను అను ప్లాస్టిక్కుతో పోతపోసిన చట్రములు కనబడును. కరగిన ప్లాస్టిక్కును లోహపు అచ్చులలోనికి ఒత్తిడితో ఎక్కించి వీనిని తీయుదురు. కాయలు కొమ్మను పట్టుకొని యున్నట్లు ముక్కలన్నియు చట్రము నంటుకొని యుండును. ప్రతి ముక్కకును ఒక అంకె యుండును. ముక్కను కోయుటకు సన్నని కటింగు ప్లయరు, అంచు చెక్కుటకు వాడి కత్తి, నునుపు చేయుటకు ఆకురాయియు గరుకుకాగితమును, చిన్న ముక్కలను పట్టుటకు పట్టకారు, మంచి దీపము: మొదట కావలసిన పరికరము లివియే.

మిగ్-21

ఉదాహరణముగా మిగ్-21 విమానమును గైకొందము. సోవియట్ దేశమున మికోయాన్, గురేవిచ్ అను నిరువురి పేర వెలసిన సంస్థ దీనిని 1950 దశకమున రూపొందించెను. త్రికోణాకారపు రెక్కలు, ముక్కున గాలిని పీల్చు గుండ్రని నోరు, ఆ నోటి నడుమ మొనదేలిన శంకువు, ఇవి దీని గుర్తులు. ధ్వనివేగమునకు రెట్టింపు వేగముతో నెగురగల ఈ విమానము 1963లో చండీగఢ్‌లో భారత వాయుసేనను చేరినది. తరువాత హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు నాసిక్‌లో విమానమును, ఒడిశాలోని కోరాపుట్‌లో ఇంజనును తయారుచేసిరి. దీని ఎలక్ట్రానిక్ పరికరముల కొఱకు 1965లో మన హైదరాబాదున ఒక శాఖను నెలకొల్పిరి. కావున ఇది మన తెలుగుగడ్డకు కేవలము పరాయిది కాదు. 62 ఏండ్ల సేవానంతరము, 2025 సెప్టెంబరు 26న, ఆ చండీగఢ్‌లోనే దీనికి వీడ్కోలు చెప్పిరి.

ఈ విమానమును 32వ వంతున ట్రంపెటర్ అను చీనా సంస్థవారు పెట్టెగా తెచ్చియున్నారు. నిజవిమానపు రెక్కల నిడివి సుమారు 7.15 మీటర్లు, నమూనాలో అది 22 సెంటీమీటర్లు. ముక్కునుండి పొడుచుకొని వచ్చు గొట్టముతో కలిపి పొడవు మూరెడుకు కొంచెము మించును. బీరువాలో ఒక అరను పూర్తిగా ఆక్రమించు వస్తువన్నమాట.

ఆసనముతో నారంభము

విమానము చేయుట యనగా రెక్కలతో మొదలిడుదురని తెలియనివారు తలతురు. అట్లు కాదు. కాక్‌పిట్టు అను చోదకుని గదియే మొదటి పని. ఏలయన విమానపు దేహము రెండు సగములుగా వచ్చును. ఆ సగములను మూసిన పిమ్మట గదిలోనికి చేయి పోదు. ఇల్లు కట్టి గృహప్రవేశము చేయుట లోకరీతి. ఇచ్చట గృహిణి కూర్చుండు గదిని ముందు సిద్ధము చేసి, ఇంటిని దానిచుట్టు కట్టవలెను.

ఆరడుగుల మనుష్యుడు 32వ వంతున రెండుంబావు అంగుళముల యెత్తుండును. అతని యెదుటనుండు మూడంగుళముల కొలతపలక ఆవగింజకన్న కొంచెము పెద్దదగును. దాని లోపలి అంకెలకు, ముల్లునకు కొనదేలిన కుంచెతో తెల్లరంగు దిద్ది, ఆరిన పిదప ఒక వార్నీషు బొట్టు విడిచినచో గాజుబిళ్ళ వేసినట్లు మెరయును. గది గోడలకు ఆ కాలపు రష్యా విమానముల యందు వాడిన నీలిచాయ గల ఆకుపచ్చ రంగు వేయవలెను. పలుచని నల్లరంగును మూలలలోనికి పారించి, కుంచెను దాదాపుగా ఆరవిదిలించి లేతరంగుతో ఎత్తైన అంచులను తాకినచో, చదునైన ప్లాస్టిక్కునకు లోతు వచ్చును.

ఇక ఆసనము. ఆపద వచ్చినపుడు రాకెట్టు బలముతో మనుష్యునితోకూడ బయటి కెగిరిపోవు ఆసన మిది. పెట్టెలోని ఆసనము నట్లే అతికినను అతుకవచ్చును. కాని పని తెలిసినవారు నడికట్టులను, భుజపు పట్టీలను తామే చేసికొందురు. రెండంగుళముల పట్టీ నమూనాలో రమారమి ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పుండును. మందుబిళ్ళల అట్టవెనుక నుండు సన్నని రేకునుండి దీనిని కోయవచ్చును. సన్నని రాగితీగను సూదికి చుట్టి తీసినచో బకిలీ సిద్ధమగును. పట్టీని బిఱ్ఱుగా పరువరాదు. మనుష్యుడు ఇప్పుడే విప్పి లేచిపోయినట్లు కొంచెము వంపుతో వ్రేలవలెను. ప్రాతతీగల లోపలి సన్నని రాగిపోగులు శ్వాసగొట్టములకు, కుట్టుదారము విద్యుత్తీగలకు పనికివచ్చును. ఇంటనే దొరకు వస్తువులతో చేయు నీ పనిలో స్త్రీల కున్న నేర్పు మఱెవరికిని లేదు.

కొలతపలకల నడుమ నిలువుగా ఒక తెల్లని గీత కలదు. అలంకారమని తలచి దానిని విడిచిపెట్టుట తగదు. విమానము అదుపు తప్పి గిరగిర తిరుగుచు క్రిందికి పడునపుడు, తల తిరుగుచున్న చోదకుడు చేతికర్రను ఆ గీతకు ఎదురుగా త్రోయవలెను. అప్పుడది సరిగా నడుమకు వచ్చినట్లు లెక్క. ఒక ప్రాణము నిలుచుటకై గీచిన గీత యది. దానిని దిద్దుచున్నపుడు మన చేయి కొంచెము నిదానించుట సహజము.

మేము మొదట చెప్పిన కారణ మిదియే. 2012లో రక్షణమంత్రి శ్రీ ఎ. కె. ఆంటోనీగారు పార్లమెంటునకు తెలిపిన లెక్క ప్రకారము, 1971-72 నుండి ఆ యేటి ఏప్రిల్ వరకు మన వాయుసేనలోని మిగ్ జాతి విమానములు 482 ప్రమాదములకు గురియైనవి. 171 మంది చోదకులు మరణించిరి. 2001లో మిగ్-21 కూలి మరణించిన ఫ్లైట్ లెఫ్టినెంటు అభిజిత్ గాడ్గిల్ తల్లి శ్రీమతి కవితా గాడ్గిల్ తన కుమారునిపై మోపిన తప్పును అంగీకరింపక, ఆ విమానముల భద్రతను గూర్చి ఏండ్ల తరబడి ప్రశ్నించిరి. ఇదే మిగ్-21 జాతికి చెందిన బైసన్ విమానమును 2018 ఫిబ్రవరిలో జామ్‌నగర్ నుండి ఒంటరిగా నడిపి, యుద్ధవిమానమును ఒంటరిగా నడిపిన తొలి భారతస్త్రీయై అవని చతుర్వేది కీర్తి గాంచినది. ఒక తల్లి దుఃఖమును, ఒక కుమార్తె ధైర్యమును ఆ చిన్న ఆసనమునందే యున్నవి. అట్టి ఆసనమును చేయుట ఆడుదానికి సంబంధింపని పని యని యెవ్వరనగలరు?

దేహమును కూర్చుట

గది కుదిరిన పిమ్మట దేహపు సగములను మూయవలెను. ప్లాస్టిక్కునకు వాడు ద్రవపు జిగురు బంకవంటిది కాదు. అది అంచులను కరగించి రెంటిని ఒకటిగా చేయును. ముక్కలను దగ్గరగా పట్టి, సందుపై కుంచెకొన తాకించినచో ద్రవము తానే లోనికి పరుగెత్తును. ఒక దినము ఆరనిచ్చి, మిగిలిన సందులను లప్పముతో పూడ్చి, గరుకుకాగితమును నీటిలో తడిపి నునుపు చేయవలెను. మన కొండపల్లి పనివారును తెల్లపొణికి కొయ్యతో అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, అతుకు కనబడకుండ దిద్దుదురు. వస్తువు మారినను విద్య ఒక్కటియే.

మూయుటకు ముందే ముక్కులో కొంత బరువు పెట్టవలెను. లేనిచో మూడు చక్రముల విమానము ముందరి చక్రము లేచి తోకపై కూలబడు ప్రమాదము కలదు. వలలకు కట్టు సీసపు గుండ్లు దీనికి చాలును. సీసమును ముట్టిన చేతులను వెంటనే కడుగుకొనవలెను.

ఈ సందర్భమున తల్లులకు ఒక హెచ్చరిక. జిగురు, రంగులను పలుచచేయు ద్రవములు ఘాటైన ఆవిరి గలవి; కిటికీలు తెరచిన గదిలోనే, దీపపు మంటకు పొయ్యికి దూరముగా వాడవలెను. గాలియంత్రముతో రంగు చల్లునపుడు ఆవిరిని వడకట్టు ముసుగు ధరింపవలెను. వంటయింట ఈ పని చేయరాదు. కత్తిని ఎల్లప్పుడు చేతికి దూరముగా త్రోయుచు కోయవలెను. పని ముగియగానే మూత పెట్టవలెను. పసిపిల్లలున్న యింట చిన్న ముక్కలను మూత గల డబ్బాలో నుంచుట మంచిది.

రంగు

వాయుసేనలో చేరిన తొలికాలపు మిగ్‌లు వెండివలె మెరసెడివి. ఆ మెరుగు తెచ్చుట కష్టము. మొదట మెరయు నల్లరంగును పూసి, ఆరిన పిదప అల్యూమినియము రంగును పలుచగా పలుమారులు చల్లవలెను. నునుపు చేయుటలో నిర్లక్ష్యముచే మిగిలిన ప్రతి గీరయు అప్పుడు బయటపడును. లోహపురంగు అబద్ధమును సహింపదు.

జాతీయచిహ్నమగు వలయమునకు వెలుపల కాషాయము, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ యుండును. ఇట్టి చిహ్నములు సన్నని పొరలుగా కాగితముపై అచ్చువేసి వచ్చును. నీటిలో క్షణకాలము నానబెట్టి, కాగితమునుండి జార్చి, విమానముపై కూర్చవలెను. అడుగున రంగు మెరుగుగా నునుపుగా నున్ననే పొర చక్కగా అంటును. గరుకైనచో క్రింద గాలి నిలిచి తెల్లగా పేలవముగా కనబడును. పెట్టెలో మన దేశపు చిహ్నములు లేకున్న విడిగా కొనవలసి యుండును.

తుదకు రేకుల సందులను చూపు గాడులలోనికి పలుచని ముదురురంగును పారించి, మిగిలినదానిని బట్టతో తుడువవలెను. ముక్కునుండి తోకవైపునకే తుడువవలెను. నిజవిమానముపై గాలి చమురుమరకలను ఈడ్చుకొని పోవు దిక్కదియే. చోదకుని గదిపై గాజుమూతను మిగ్-21 ఎం రకమునందు కుడివైపునకు తెరచినట్లు నిలుపవలెను. అట్లు తెరచిననే మనము చేసిన ఆసనము, నడికట్టు, తెల్లని గీత నలుగురి కంటబడును.

కొన్ని ఆక్షేపణలు

"వ్యయము ఎక్కువ" అందురు. నిజమే, పెద్ద ప్రమాణపు పెట్టె వేల రూపాయలు చేయును. అందుచే క్రొత్తవారు 72వ వంతు చిన్న పెట్టెతో మొదలిడుట మేలు. "కాలహరణము" అందురు. రోజున కొక గంట చొప్పున నెలలు పట్టవచ్చును. కాని జరీపని చీరను నేయుటకు, పట్టుపై పూలు కుట్టుటకు పట్టు కాలమును వృథా యని మనమెన్నడు ననలేదు. "హింసాసాధనమును ఇంట నేల నిలుపవలె"నని యడుగువారి ప్రశ్న మాత్రము గౌరవింపదగినది. యుద్ధమును వేడుకగా చూపు బొమ్మను మేమును మెచ్చము. అయితే ఆసనమునుండి ఆరంభించి ఒక విమానమును తన చేతులతో కూర్చిన బాలిక ఆ యంత్రమును చూచి మైమరచిపోదు; అందు కూర్చున్న మనుష్యుని గూర్చి యోచించును. అంగడిలో కొన్న ఆయుధపు బొమ్మకును దీనికిని గల భేద మిదియే.

కావున సోదరీమణులు రాబోవు సెలవులలో ఒక చిన్న పెట్టె తెచ్చి, కుమారుని, కుమార్తెను ఇరువురిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ పనికి పూనుదురు గాక. ముక్కలను కోయు పని అన్నకు, రంగు దిద్దు పని చెల్లెలికి అని పంచక, ఇరువురికి రెండును నేర్పవలెను. ఆ తెల్లని గీతను ఎందులకు గీచిరో చెప్పి, పిదప కుంచెను వారి చేతి కీయవలెను.