పాట కోసం... సొంత కరెంటు స్తంభం!

పాట బాగా వినాలంటే ఏం కావాలి? మంచి ప్లేయరూ మంచి స్పీకర్లూ అంటారెవరైనా. జపాన్‌లో కొందరు సంగీతప్రియులు మాత్రం వాటితోపాటు సొంత కరెంటు స్తంభం కూడా ఉండాలంటారు. అనడమే కాదు, లక్షలు పోసి ఇంటి ఆవరణలో పాతించుకున్నారు కూడా! ఈ ముచ్చట గురించి 2016లో అమెరికా పత్రిక 'వాల్‌స్ట్రీట్ జర్నల్' ప్రత్యేకంగా రాసింది.

ఎందుకంత ఖర్చు అంటే... వీధి స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మరు నుంచి చాలా ఇళ్లకు కరెంటు వెళుతుంది. పక్కింట్లో ఏసీ వేసినా వాషింగ్‌మెషీన్ తిప్పినా ఆ తీగల్లో చిన్న చిన్న అలజడులు పుడతాయి. అవి తమ పాటలోకి చొరబడకూడదని ట్రాన్స్‌ఫార్మరే విడిగా పెట్టించుకున్నారన్నమాట. దానివల్ల పాట నిజంగా మారుతుందా అంటే ఒకరు అవునంటారు, ఒకరు కాదంటారు. కానీ మన ఇళ్లలో స్పీకరు 'గుయ్య్'మని మోగడానికీ కరెంటుకీ సంబంధం ఉన్నమాట మాత్రం నిజం.

మోత ఎక్కణ్నుంచి?

మన ఇళ్లకొచ్చే 230 వోల్టుల కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. యాంప్లిఫయరుకేమో ఊగని కరెంటు కావాలి. అందుకే లోపల ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీ తగ్గిస్తే, డయోడ్లు దాన్ని ఒకే దిశకు మళ్లిస్తాయి. అప్పటికీ సెకనుకు 100 ఎగుడుదిగుళ్లు మిగులుతాయి. వాటిని చదును చేసేవి కెపాసిటర్లు. ఏళ్లు గడిచేకొద్దీ వీటిలోని ద్రవం ఎండిపోయి, మోత మొదలవుతుంది. వాల్యూం పూర్తిగా తగ్గించినా అది వినిపిస్తుంటే మొదట అనుమానించాల్సింది వీటినే. కొత్తవి వేస్తే పాత యాంప్లిఫయరు కూడా గొంతు సవరించుకుంటుంది. కాకపోతే ప్లగ్గు తీశాక కూడా వాటిలో షాక్ కొట్టేంత కరెంటు నిలవ ఉండొచ్చు. కాబట్టి ఆ పని తెలిసిన మెకానిక్కుకే అప్పగించాలి.

వాల్యూంతోపాటు మోత కూడా పెరుగుతోందా? అయితే తప్పు చాలావరకూ కలిపిన వైర్లలో ఉంటుంది. టీవీ ఒక గోడకీ యాంప్లిఫయరు ఇంకో గోడకీ పెట్టి మధ్యలో ఆడియో వైరు కలిపితే, రెండుచోట్లా ఎర్త్ ఒకేలా లేక ఆ తేడా వైరులోంచి పారుతుంది. రెండింటినీ ఒకే బోర్డుకు పెడితే చాలాసార్లు సరిపోతుంది. కేబుల్ టీవీ వైరు కాసేపు తీసి చూస్తే దోషం అందులో ఉందేమో తెలిసిపోతుంది. కరెంటు పోయినప్పుడే మోత వస్తుంటే ఇన్వర్టరు వంక చూడాలి. స్క్వేర్‌వేవ్ రకాలతో ఈ ఇబ్బంది ఎక్కువ, సైన్‌వేవ్ అయితే తక్కువ.

మూడో పిన్నుతో ఆటలొద్దు!

మోత పోగొట్టడానికి కొందరు ప్లగ్గులో లావుగా ఉండే ఎర్త్ పిన్నును పీకేస్తారు. మోత పోవచ్చు. కానీ లోపల ఏ వైరో ఊడి ఇనుప డబ్బాకు తగిలితే ఆ కరెంటు నేలలోకి వెళ్లే దారి ఉండదు. వాల్యూం పెంచడానికి చెయ్యి పెట్టిన పిల్లల ఒంట్లోంచే వెళుతుంది. ప్రాణాలకే ముప్పు!

అందుకే ఆడియో సెట్ మీద కొత్తగా డబ్బు పెట్టేముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ పరీక్ష చేయించాలి. పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన ఎర్త్ గొయ్యి వేసవిలో ఎండిపోతుంది కాబట్టి అప్పుడప్పుడూ నీళ్లు పోస్తుండాలి. ఇంకా ఓపికుంటే మీటరు బోర్డు నుంచి సెట్‌కు విడిగా ఓ లైను లాగించుకోవచ్చు.

సొంత స్తంభం లేకపోయినా పాటకొచ్చిన లోటేం లేదు. ఎర్త్ సరిగా లేని ఇంట్లో మాత్రం ఏ పాటా నిశ్చింతగా వినలేం!